ట్రాపికల్ సముద్రం మీదకి వెళ్లేముందు వెదర్ బులెటిన్ ఎలా చదవాలి

"అలలెంత ఉన్నాయంట? మీటరున్నర. అయితే పర్లేదు పోదాం పద." ఈ ముక్క విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది, ఎందుకంటే ఆ మీటరున్నర అన్న నంబర్ ఒక్కటీ పట్టుకుంటే సముద్రం గురించి దాదాపు ఏమీ తెలీదు. ఎన్ని సెకన్లకొక అల వస్తోంది, ఎటు నుంచి వస్తోంది, గాలి దానికి తోడుగా ఉందా ఎదురుగా ఉందా, అసలు ఆ నంబర్ ఎప్పుడు రాసింది, ఇవేవీ అందులో లేవు. ఫోన్లలో రంగురంగుల మ్యాప్ యాప్‌లు వచ్చాక ఈ అలవాటు ఇంకా పెరిగింది, పచ్చ రంగుంటే వెళ్లిపోవడం ఎర్ర రంగుంటే ఆగిపోవడం, అంతే.

కర్కాటక రేఖకీ మకర రేఖకీ మధ్యన ఉండే నీళ్లలో ఈ పద్ధతి అస్సలు పనికిరాదు. అక్కడ పొద్దున్న అద్దంలా ఉన్న సముద్రం మధ్యాహ్నానికి ఒక్క మబ్బు కింద పదిహేను నిమిషాల్లో మారిపోతుంది, ఇంకోపక్క గాలే లేని రోజున వేల కిలోమీటర్ల అవతల పుట్టిన అల వచ్చి బోటుని తిప్పేస్తుంది. అందుకే నేను రోజూ ఏ వరసలో చూస్తానో అదే వరసలో రాస్తున్నా. చిన్న బోటు వాళ్లకీ, యాట్ వాళ్లకీ, డైవింగ్‌కి వెళ్లేవాళ్లకీ, షిప్‌లో కొత్తగా వాచ్ (కాపలా డ్యూటీ) మొదలెట్టిన వాళ్లకీ పనికొస్తుంది. వరస మాత్రం మార్చకండి, అల ఎత్తు దగ్గరకి మనం ఐదో స్టెప్‌లో గానీ రాం.

1. ముందు టైం చూడండి

బులెటిన్ పైన టైం ఉంటుంది, చాలామంది దాన్ని దాటేసి కిందకెళ్లిపోతారు. అది చాలావరకు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైంలో ఉంటుంది, జెడ్ అని రాసినా అదే. దాన్ని మీరున్న చోటి టైంకి మార్చి కాగితం మీద రాసుకోండి, మనసులో లెక్కేసుకుంటే అలసిపోయిన రాత్రిపూట తేదీయే తప్పిపోతుంది. ఇంకోటి, బులెటిన్ విడుదలైన టైం వేరు, అందులో చెప్పిన పరిస్థితిని చూసిన టైం వేరు. తుఫాను కేంద్రం ఫలానా చోట ఉంది అని మీరు చదివేటప్పటికి ఆ పొజిషన్ మూడు నాలుగు గంటల పాతది అయ్యుండొచ్చు, 12 నాట్ల వేగంతో కదిలే తుఫాను అయితే ఈలోపు దాదాపు 40 నాటికల్ మైళ్లు జరిగిపోయి ఉంటుంది. యాప్‌లలో కనపడే కంప్యూటర్ మోడల్ మ్యాపులదీ ఇదే గొడవ, అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ మోడల్ రోజుకి నాలుగుసార్లు 00, 06, 12, 18 యూటీసీ లెక్కన రన్ అవుతుంది, ఆ రన్ టైంకీ మీ ఫోన్లో బొమ్మ పడే టైంకీ మధ్యలో కొన్ని గంటలు గడిచిపోతాయి, కాబట్టి ఏ రన్ చూస్తున్నారో యాప్‌లో వెతికి చూస్కోండి.

ఇది చిన్న విషయం అనుకోకండి. 2015 అక్టోబర్ 1న ఎల్ ఫారో అనే కార్గో షిప్, దాదాపు 240 మీటర్ల పొడవున్నది, బహామాస్ దగ్గర హరికేన్ వాకీన్‌లో మునిగిపోయింది, 33 మంది ఉంటే 33 మందీ పోయారు. తర్వాత జరిగిన విచారణలో బయటపడ్డ కారణాల్లో ఒకటి ఏంటంటే, కెప్టెన్ చూసి నిర్ణయాలు తీసుకున్న వెదర్ సమాచారం అప్పటికే పాతబడిపోయింది. అంత పెద్ద షిప్‌కే అలా అయింది, అందుకే నేను టైం రాసుకోకుండా రెండో లైన్ చదవను.

2. ఆ బులెటిన్ ఏ సముద్రానిది, ఏ కొలతల్లో ఉంది

ప్రపంచంలో సముద్రాలన్నిటినీ వెదర్ హెచ్చరికల కోసం 21 మెటేరియాలుగా పంచారు, ఒక్కో దానికీ ఒక దేశం బాధ్యత. తుఫానులకైతే మియామీ, హొనొలులు, టోక్యో, న్యూఢిల్లీ, లా రీయూనియన్, ఫిజీలోని నాడి సెంటర్లు వాటి వాటి సముద్రాల్ని చూస్తాయి. మీ నీళ్లు ఎవరి కిందకొస్తాయో ముందే తెల్సుకుని వాళ్ల బులెటిన్నే అసలుదిగా పెట్టుకోండి, యాప్‌లు దానికి తోడు మాత్రమే. తీరానికి దగ్గర్లో ఉంటే నావ్‌టెక్స్ (రేడియోలో అక్షరాలుగా వచ్చే హెచ్చరికలు) 518 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది, దూరం వెళ్తే శాటిలైట్ ద్వారా వచ్చే సేఫ్టీనెట్ కావాలి. ఫోన్ సిగ్నల్ తీరం దాటిన కాసేపటికే పోతుంది, కాబట్టి సముద్రం మధ్యలో బులెటిన్ ఎలా అందుకుంటారన్నది ఒడ్డున ఉండగానే తేల్చుకోవాల్సిన సంగతి.

కొలతల దగ్గర కొంచెం జాగ్రత్త. అమెరికా బులెటిన్లలో అలలు అడుగుల్లో ఉంటాయి, మిగతా చాలా చోట్ల మీటర్లలో. 8 అని చూసి 8 మీటర్లనుకున్నా, 3 అని చూసి 3 అడుగులనుకున్నా ప్రమాదమే. గాలి నాట్లలో ఉంటుంది, ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. దిక్కుల్లో కూడా ఒక మెలిక ఉంది, గాలీ స్వెల్లూ (దూరం నుంచి వచ్చే అలలు) ఎటు నుంచి వస్తున్నాయో ఆ దిక్కు చెప్తారు, కరెంట్ (సముద్రంలో నీటి ప్రవాహం) మాత్రం ఎటు పోతోందో ఆ దిక్కు చెప్తారు. ఈశాన్య గాలి, ఈశాన్య కరెంట్ అని రెండూ కనపడితే అవి ఒకదానికొకటి ఎదురెదురు, అంటే ఆ చోట అలలు నిటారుగా లేస్తాయన్నమాట. కరెంట్‌కి ఎదురు గాలి వీచేచోట సముద్రం ఎంత చెడ్డగా ఉంటుందో ఆఫ్రికా దక్షిణ కొసన అగుల్హాస్ కరెంట్‌లో తిరిగిన ఏ నావికుణ్ణి అడిగినా చెప్తారు.

3. పెద్ద బొమ్మ చూడండి

ఇప్పుడు మీరు వెళ్లే చుక్కని వదిలేసి మొత్తం సముద్రం చూడాలి. మియామీ నేషనల్ హరికేన్ సెంటర్ రోజుకి నాలుగుసార్లు ఇచ్చే ట్రాపికల్ వెదర్ డిస్కషన్ దీనికి చాలా మంచి పాఠం, మీరు ఆ సముద్రంలో లేకపోయినా ఒక వారం రోజులు చదివితే ఎలా ఆలోచించాలో అలవాటవుతుంది. అందులో మొట్టమొదట స్పెషల్ ఫీచర్స్ అని తుఫానులూ గేల్ (34 నాట్లు దాటిన గాలి) హెచ్చరికలూ ఉంటాయి, తర్వాత ట్రాపికల్ వేవ్‌లు, తర్వాత మాన్సూన్ ట్రఫ్ (రుతుపవన ద్రోణి), ఐటీసీజెడ్ ఎక్కడున్నాయో, ఆ తర్వాత ఏరియాల వారీగా గాలీ అలలూ.

ఐటీసీజెడ్ అంటే ఉత్తరం వైపు నుంచి వచ్చే ఈశాన్య వ్యాపార పవనాలూ, దక్షిణం వైపు నుంచి వచ్చే ఆగ్నేయ వ్యాపార పవనాలూ భూమధ్య రేఖ దగ్గర్లో కలిసే పట్టీ. కలిసిన గాలికి పైకి పోవడం తప్ప దారి లేదు, పైకెళ్తే ఉరుముల మబ్బులే. అందుకే ఆ పట్టీ లోపల మామూలుగా గాలి చాలా తక్కువ, కానీ మధ్యమధ్యలో ఈదురుగాలులు విరుచుకుపడతాయి. ఆ పట్టీ సూర్యుడి వెనకాలే ఏడాదంతా ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతుంది, మీ రూట్ దాన్ని ఎక్కడ దాటుతుందో చార్ట్ మీద పెన్సిల్‌తో గీసుకోండి.

ట్రాపికల్ వేవ్ అంటే నీటి అల కాదు, తూర్పు గాలుల్లో పడమరకి కదిలే అల్పపీడన ద్రోణి. అట్లాంటిక్‌లో అవి ఆఫ్రికా వైపు నుంచి సీజన్లో మూడు నాలుగు రోజులకొకటి వస్తాయి. సాధారణంగా ద్రోణి రాకముందు గాలి ఈశాన్యం నుంచి వీస్తూ ఆకాశం తేటగా ఉంటుంది, దాటాక గాలి ఆగ్నేయానికి తిరిగి వానా ఈదురుగాలీ మొదలవుతాయి. కాబట్టి ఈరోజు బాగుంది అంటే ద్రోణి దాటిపోయిందనుకోకండి, ఇంకా రాలేదేమో చూడండి.

ఇక ఐసోబార్ గీతలు, అంటే మ్యాప్ మీద ఒకే పీడనం ఉన్న చోట్లని కలిపే గీతలు. ఉష్ణమండలంలో తుఫాను లేకుండానే గాలి గేల్ స్థాయికి పోయే చోట్లున్నాయి, కొత్తవాళ్లు వీటిని నమ్మరు. మెక్సికో దక్షిణాన టెహువాంటెపెక్ గల్ఫ్‌లో చలికాలం కొండల మధ్య సందులోంచి ఉత్తర గాలి దూసుకొస్తుంది, పైన ఆకాశం నీలంగా ఉంటుంది, కింద సముద్రం గేల్, ఒక్కోసారి స్టార్మ్ స్థాయిలో ఉంటుంది. కొలంబియా తీరం బయట కరీబియన్‌లో వ్యాపార పవనాలు రాత్రిళ్లు ఇంకా బలపడతాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సోమాలియా బయట అరేబియా సముద్రంలో నైరుతి గాలి వారాల తరబడి తగ్గదు. ఇవన్నీ పీడనం తేడా వల్లా నేల ఆకారం వల్లా వచ్చేవి, శాటిలైట్‌లో తెల్లటి మబ్బు సుడి కోసం వెతికితే ఏమీ కనపడదు.

4. గాలి

బులెటిన్‌లో రాసిన గాలి సగటు గాలి. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క 10 నిమిషాల సగటు, అమెరికా తుఫాను బులెటిన్లలో 1 నిమిషం సగటు, భారత వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు, అందుకే ఒకే తుఫానుకి రెండు సెంటర్లు రెండు నంబర్లిస్తే ఒకళ్లు తప్పని అనుకోవద్దు. సగటు మీద ఝటకాలు (ఒక్కసారిగా విసిరే గాలి) 40 శాతం దాకా ఎక్కువ ఉండొచ్చు అని పెట్టుకోండి. 20 నాట్లు అంటే 28 నాట్ల ఝటకాకి మీ బోటు తట్టుకుంటుందా అని అడగాలి. గాలి తోపు వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి 20కి 28 అంటే తోపు దాదాపు రెట్టింపు.

మాటలు కూడా మోసం చేస్తాయి. గాలి బలం చెప్పే బ్యూఫోర్ట్ స్కేల్‌లో మోడరేట్ బ్రీజ్ అంటే 11 నుంచి 16 నాట్లు, ఫ్రెష్ అంటే 17 నుంచి 21, స్ట్రాంగ్ అంటే 22 నుంచి 27. ఫ్రెష్ బ్రీజ్ అన్నమాట చెవికి హాయిగా ఉంటుంది గానీ చిన్న బోటుకి అది చాలా కష్టమైన రోజు. 34 నాట్లు దాటితే గేల్, 48 దాటితే స్టార్మ్, 64 దాటితే హరికేన్ స్థాయి. సముద్రం మాటలూ అంతే, మోడరేట్ అంటే 1.25 నుంచి 2.5 మీటర్లు, రఫ్ అంటే 2.5 నుంచి 4 మీటర్లు. మాటలు పక్కనపెట్టి నంబర్లు రాసుకోండి.

5. ఇప్పుడు అలలు, ఇక్కడ తొందరపడొద్దు

బులెటిన్‌లో ఇచ్చే ఎత్తుని సిగ్నిఫికెంట్ వేవ్ హైట్ అంటారు. వచ్చే అలలన్నిట్లో ఎత్తైన మూడో వంతుని తీసి వాటి సగటు కడితే వచ్చేది అది. అంటే అదే గరిష్ఠం కానేకాదు. వంద అలల్లో ఒకటి దానికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, వెయ్యి అలల్లో ఒకటి దాదాపు 1.9 రెట్లు. పది సెకన్లకొక అల అనుకుంటే వెయ్యి అలలంటే మూడు గంటల్లోపే, కాబట్టి 2 మీటర్లని రాసిన సముద్రంలో మూడు గంటలు తిరిగితే దాదాపు 4 మీటర్ల అల ఒకటి మీకు తగులుతుందనే లెక్క పెట్టుకుని బయల్దేరాలి.

తర్వాత ఆ ఎత్తుని రెండుగా విడగొట్టండి. ఇక్కడి గాలి ఇక్కడే లేపిన అలలు ఒకరకం, వాటిని విండ్ వేవ్ అంటారు, పొట్టిగా దగ్గరదగ్గరగా గజిబిజిగా ఉంటాయి. ఎక్కడో దూరంలో పుట్టి ప్రయాణం చేసొచ్చిన అలలు ఇంకోరకం, స్వెల్, పొడుగ్గా నున్నగా వరసగా వస్తాయి. రెండూ కలిస్తే ఎత్తులు నేరుగా కూడకూడదు, రెండిటి వర్గాలు కూడి వర్గమూలం తియ్యాలి. 2 మీటర్ల విండ్ వేవ్, 1.5 మీటర్ల స్వెల్ కలిస్తే మొత్తం 2.5 మీటర్లు, 3.5 కాదు. నంబర్ తక్కువే అనిపిస్తుంది గానీ రెండూ రెండు దిక్కుల నుంచి వస్తే బోటు ఒకపక్క ఎక్కుతూ ఇంకోపక్క ఒరిగిపోతుంది, అలాంటి 2.5 ఒకే దిక్కు నుంచి వచ్చే 3 కన్నా కష్టం అని నా అనుభవం.

అన్నిటికన్నా ముఖ్యం పీరియడ్, అంటే ఒక శిఖరం దాటాక రెండోది రావడానికి పట్టే సెకన్లు. లోతు నీళ్లలో అల పొడవు మీటర్లలో కావాలంటే పీరియడ్‌ని దానితోనే గుణించి మళ్లీ 1.56తో గుణించండి. 6 సెకన్లయితే 56 మీటర్లు, 14 సెకన్లయితే 306 మీటర్లు. ఇప్పుడు రెండిటికీ ఎత్తు 2 మీటర్లే అనుకోండి. 56 మీటర్లలో 2 మీటర్లు లేచే అల నిటారు గోడ లాంటిది, చిన్న బోటు ముక్కు దాంట్లో గుచ్చుకుంటుంది, లోతు సముద్రంలో ఉన్నవాళ్లకి ఇదే నరకం. 306 మీటర్లలో 2 మీటర్లు లేచేది లోతులో ఉంటే తెలీనే తెలీదు, మెల్లగా లేపి మెల్లగా దింపుతుంది. కానీ అదే అల ఒడ్డుకొచ్చేసరికి కథ తిరగబడుతుంది, అల తన పొడవులో సగం లోతుకి రాగానే అడుగు తగలడం మొదలవుతుంది, 14 సెకన్ల అలకి 150 మీటర్ల లోతు నుంచే తగుల్తుంది, అక్కణ్ణించి వంగుతూ నడుం కట్టి లేస్తూ ఇసుక తిన్నె మీదా హార్బర్ మొగలోనా విరుచుకుపడుతుంది.

ఒకసారి గాలి ఊసే లేని తెల్లారుజామున బయట సముద్రం నూనె పోసినట్టుంటే నిశ్చింతగా వెనక్కి తిరిగొస్తున్నాం, మొగ దగ్గరకొచ్చేసరికి తెల్లగా గోడలు లేస్తున్నాయి. ఎత్తు నంబర్ ముందు రోజు చూసిందే, ఏమీ మారలేదు, పీరియడ్ మాత్రం 8 నుంచి 15కి పోయింది, నేను అది చూడలేదు. బయటే లంగరేసి పోటు వచ్చేదాకా ఐదు గంటలు ఆగాం. ఆరోజు నుంచి నేను ముందు పీరియడ్ చూసి ఆ తర్వాతే ఎత్తు చూస్తా.

స్వెల్ ఎప్పుడొస్తుందో మీరే లెక్క కట్టుకోవచ్చు. లోతు నీళ్లలో అలల గుంపు వేగం నాట్లలో దాదాపు పీరియడ్‌కి ఒకటిన్నర రెట్లు. 14 సెకన్ల స్వెల్ 21 నాట్లతో వస్తుంది, వెయ్యి నాటికల్ మైళ్ల అవతల తుఫాను ఉంటే రెండు రోజుల్లో మీ దగ్గర. పొడుగు పీరియడ్ అలలు వేగంగా పోతాయి కాబట్టి అవే ముందొస్తాయి, ఎత్తు తక్కువే ఉన్నా 16, 17 సెకన్ల అలలు సన్నగా మొదలయ్యాయంటే వెనకాల పెద్దవి ఉన్నాయని అర్థం. ఇవి ఎంత దూరం పోతాయంటే, 1963లో వాల్టర్ మంక్ అనే సముద్ర శాస్త్రవేత్త బృందం దక్షిణ మహాసముద్రం తుఫానుల్లో పుట్టిన స్వెల్‌ని పసిఫిక్ అంతా వెంటాడి అలాస్కా దాకా కొలిచింది. హిందూ మహాసముద్రంలోనూ అంతే, అట్టడుగు దక్షిణాన లేచిన స్వెల్ రోజుల తర్వాత ఉత్తరాన తీరాన్ని ముంచుతుంది, అక్కడ గాలీ వానా ఏమీ ఉండవు, కేరళ జాలరులు దాన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని. అందుకని మ్యాప్ చూసేటప్పుడు మీ ఏరియా మీద జూమ్ చెయ్యకుండా ముందు మొత్తం మహాసముద్రం చూడండి.

6. ఈదురుగాలులూ ఉరుములూ

ఇవి బులెటిన్ పట్టుకోలేనివి. స్కాటర్డ్ టీస్టార్మ్స్ (అక్కడక్కడా ఉరుముల వానలు) అని ఒక మాట రాసి ఊరుకుంటారు, మీ మీద పడేది ఏదో వాళ్లు చెప్పలేరు. ఆ మాట కనపడితే సగటు గాలి నంబర్‌ని నమ్మకండి, 10 నాట్లు అని రాసినా మబ్బు కింద 40 నాట్లు రావొచ్చు. ఎందుకంటే వాన పడుతూ చల్లబడ్డ గాలి బరువెక్కి కిందకి కూలి, నీటికి తగిలి నాలుగు పక్కలా పరుచుకుంటుంది, వాన కన్నా ముందు మీకు తగిలే ఆ చల్లటి గాలి అదే.

బయల్దేరే ముందు శాటిలైట్ లూప్ చూడండి, ఒక్క ఫొటో చాలదు, గత ఆరు గంటలది ఆడించండి, మబ్బులు పెరుగుతున్నాయా కరుగుతున్నాయా ఎటు కదులుతున్నాయా తెలుస్తుంది. నేల మీద ఉరుములు సాయంత్రం ఎక్కువ కదా అని సముద్రంలోనూ అదే అనుకోవద్దు, నడి సముద్రంలో అవి అర్ధరాత్రి దాటాక తెల్లారుజామున ఎక్కువ. రాత్రి వాచ్‌లో నిద్రమత్తులో ఉండే టైం అది, సెయిల్ బోట్ వాళ్లు చీకటి పడకముందే సెయిల్ తగ్గించి కట్టుకోవడం మంచిది.

నీళ్ల మీద ఉన్నప్పుడు మబ్బు అడుగున నల్లటి రోల్‌లా ఒక అంచు, దాని కింద నీళ్లు తెల్లగా నురగ కడుతూ కనపడితే లెక్క కట్టండి, 10 కిలోమీటర్ల దూరంలో ఉండి 25 నాట్లతో వస్తే మీకున్నది 13 నిమిషాలు. లైఫ్ జాకెట్లు, హాచ్‌లు మూయడం, సెయిల్ దింపడం, మీ పొజిషన్ రాసుకోవడం, ఈ పనులన్నీ ఆ 13 నిమిషాల్లోనే. మెరుపు చూసి ఉరుము వినపడే దాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. మబ్బు అడుగు నుంచి తొండంలా వాటర్‌స్పౌట్ దిగితే అది కదిలే దారికి అడ్డంగా, తొంభై డిగ్రీల్లో తప్పుకోండి, దాంతో పోటీపడి ముందు పరిగెత్తొద్దు.

7. తుఫాను పుట్టే లక్షణాలున్నాయా

నీటి వేడి 26.5 డిగ్రీలు దాటి ఉండాలి, పైగాలికీ కింద గాలికీ తేడా తక్కువ ఉండాలి, గాలిలో తేమ పైదాకా ఉండాలి, అప్పటికే ఏదో ఒక ద్రోణో ఆవర్తనమో ఉండాలి, భూమధ్య రేఖ నుంచి కనీసం 5 డిగ్రీలు దూరం ఉండాలి. చివరిది నమ్మి రేఖ దగ్గర పూర్తిగా భయం లేదనుకోవద్దు, 2001 డిసెంబర్‌లో వామే అనే తుఫాను సింగపూర్ దగ్గర 1.4 డిగ్రీల ఉత్తరాన పుట్టింది, చాలా అరుదు గానీ జరిగింది.

అవుట్‌లుక్ బులెటిన్‌లలో ఏర్పడే అవకాశం శాతంలో ఇస్తారు. 20 శాతం అని ఉంటే తుఫాను రాకపోవచ్చు, కానీ ఆ మబ్బుల గుంపు కింద గాలీ వానా అలలూ ఇప్పటికే ఉన్నాయి, పేరు పెట్టకపోయినా బోటుకి అవి తగుల్తాయి. ఇంకా బలపడే వేగం ఊహకి అందదు, 2023 అక్టోబర్‌లో ఓటిస్ అనేది 24 గంటల్లోపే ట్రాపికల్ స్టార్మ్ నుంచి కేటగిరీ 5 (అన్నిటికన్నా పై స్థాయి) హరికేన్ అయ్యి మెక్సికోలో అకపుల్కో మీద పడింది. రెండు మూడు రోజుల ప్రయాణంలో ఉన్నవాళ్లు ఇవాళ్టి తుఫాను బలం చూసి రేపటి రూట్ వేసుకోకూడదు.

నావికులు వాడే 1-2-3 రూల్ ఒకటుంది, మీరూ వాడండి. ఫోర్‌కాస్ట్‌లో 34 నాట్ల గాలి కేంద్రం నుంచి ఎంత దూరం వరకు ఉంటుందో ఇస్తారు. దానికి 24 గంటల పొజిషన్ దగ్గర 100 నాటికల్ మైళ్లు, 48 గంటల దగ్గర 200, 72 గంటల దగ్గర 300 కలిపి చార్ట్ మీద వృత్తాలు గీయండి. 48 గంటలకి 34 నాట్ల గాలి 150 మైళ్ల దాకా ఉంటుందంటే మీరు ఆ పొజిషన్‌కి 350 మైళ్ల లోపల ఉండకూడదు. వృత్తాలు మూడూ కలుపుతూ గీసిన మేర మొత్తం మీకు నిషిద్ధం, దాని ముందు నుంచి దాటేద్దాం అన్న ఆలోచన అసలే వద్దు, తుఫాను వేగం పెంచితే మీకు దారి ఉండదు.

8. బయట ఉన్నప్పుడు మీ కళ్లూ బారోమీటరూ

ఉష్ణమండలంలో బారోమీటర్‌కి ఒక రోజువారీ ఊపిరి ఉంటుంది, ఉదయం పదికీ రాత్రి పదికీ పైకి, తెల్లారుజామున నాలుగుకీ సాయంత్రం నాలుగుకీ కిందకి, తేడా 3 హెక్టాపాస్కల్స్ (పీడనం కొలత) అటూఇటూ. ఇది తెలీకపోతే సాయంత్రం తగ్గిందని ఊరికే కంగారు పడతారు, లేదా నిజంగా తగ్గుతున్నప్పుడు రోజూ ఉండేదే కదా అని వదిలేస్తారు. గంట గంటకీ రాసుకుని నిన్న ఇదే టైంతో పోల్చండి. ఆ రోజువారీ ఊపు తీసేశాక కూడా ఆ సీజన్ మామూలు కన్నా 3 తక్కువుంటే తుఫాను అనుమానించాలి, 5 తక్కువుంటే దగ్గర్లో, బహుశా 200 మైళ్ల లోపే ఉందన్నట్టు.

స్వెల్ కూడా చెప్తుంది, తుఫాను 10, 15 నాట్లతో కదిలితే 12 సెకన్ల స్వెల్ 18 నాట్లతో దాన్ని దాటి ముందొచ్చేస్తుంది, అందుకే ఎప్పుడూ రాని దిక్కు నుంచి పొడుగు స్వెల్ మొదలైతే ఆ దిక్కు రాసుకోండి. కేంద్రం ఎటుందో తెలియాలంటే ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడండి, అల్పపీడనం మీ ఎడమ పక్క కొంచెం ముందుకి, దక్షిణార్ధగోళంలో అయితే కుడి పక్క. భూమధ్య రేఖకి మరీ దగ్గర్లో ఇది పనిచెయ్యదు. ఉత్తరాన తుఫాను దారికి కుడి సగం ఎక్కువ ప్రమాదం, దక్షిణాన ఎడమ సగం. ఆగి ఉన్నప్పుడు గాలి దిక్కు గడియారం ముల్లులా తిరుగుతుంటే మీరు కుడి సగంలో, వ్యతిరేకంగా తిరిగితే ఎడమ సగంలో, దిక్కు మారకుండా బారోమీటర్ పడిపోతుంటే సరిగ్గా దారిలో ఉన్నారు.

9. వెళ్లాలా వద్దా అన్నది ఒడ్డునే కాగితం మీద

బోటెక్కాక మనుషులు ఆశకి పోతారు, ఇంతదూరం వచ్చాం కదా అని. అందుకే ముందే హద్దులు రాయండి, గాలి ఎన్ని నాట్లు దాటితే వెళ్లను, ఎత్తు ఎంత, పీరియడ్ ఎంత కన్నా తక్కువైతే నడి సముద్రానికి వెళ్లను, ఎంత కన్నా ఎక్కువైతే మొగ దాటను, తుఫాను వృత్తం నా రూట్‌ని తాకితే ఏ రేవులో దూరతాను. ఆ కాగితం కాపీ ఒకటి ఒడ్డున నమ్మకస్తుల దగ్గర పెట్టండి, ఏ టైంకి తిరిగొస్తారో, ఎన్ని గంటలు ఆలస్యమైతే కోస్ట్ గార్డ్‌కి చెప్పాలో కూడా దాని మీదే రాయండి.

తిరిగొచ్చాక పడుకునేముందు పది నిమిషాలు, బులెటిన్ చెప్పిన నంబర్లూ మీరు చూసినవీ పక్కపక్కన ఒక నోట్‌బుక్‌లో రాయండి, గాలి, ఎత్తు, పీరియడ్, దిక్కు, టైం. పదిహేను ఇరవై ట్రిప్పులు నిండాక మీ నీళ్లలో బులెటిన్ ఎక్కడ ఎటు తప్పుతుందో బయటపడుతుంది, ఫలానా కొండ ముక్కు దాటేటప్పుడు గాలి ఎప్పుడూ రాసినదానికన్నా ఐదు నాట్లు ఎక్కువే ఉంటోందని తేలితే అక్కడి వరకు మీ కాగితంలో గాలి హద్దు ఐదు తగ్గించి మళ్లీ రాసుకోండి.